‘తొక్తా’ అనని కోడలు

పోయిన వారం కథను, జజీరా డైరెక్టరు గదిలో నిలబడి ఉండగా ఆపాను. ఆమె వేళ్ళ మధ్య తలగుడ్డ కొంగు నలుగుతోంది, ఎదుట బల్ల మీద ఒక కాగితం సంతకం కోసం ఎదురు చూస్తోంది. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. అప్పటికి పన్నెండు రోజుల కిందట ఈ పత్తి జిన్నింగ్ మిల్లులో శాదిబెక్ అనే కార్మికుడి కుడిచెయ్యి, గింజ నుంచి దూదిని వేరుచేసే జిన్ను మిషను రంపాల్లో పడి మోచేతి దాకా పోయింది. మిషను మళ్ళీ తిరగబోయేటప్పుడు ఆ చెయ్యి ఇంకా లోపలే ఉందని చూసిన మనిషి జజీరా ఒక్కతే. చూసి కూడా ఆపించలేదట. తప్పంతా ఆమెదేనట.

ఇక నేను. నా పేరు ఒరిన్‌కుల్. పందొమ్మిదేళ్ళు జిన్ను ముందు నిలబడి, దూది పీల్చి, వదలని దగ్గు తెచ్చుకుని, ఇప్పుడు షిమ్‌కెంట్ పట్నం నుంచి మిల్లు మిల్లుకూ తిరుగుతూ పనివాళ్ళకు ప్రమాదం ఎక్కడ పొంచి ఉంటుందో, దాన్ని ఎలా తప్పించాలో నేర్పుతున్నాను. వయసులో పెద్దదైన ఆడమనిషిని అపాయ్ అని పిలవడం మా అలవాటు. నా ఉద్యోగానికి ఆ పిలుపు భలేగా అతికింది.

చెయ్యి పోయిన మర్నాడు డైరెక్టరు చేసిన మొదటి పని గొర్రెను కోయించడం. మిల్లు మీదికి వచ్చిన గండం గడవాలని దువా చేయించి, అందరికీ మాంసం వడ్డించాడు. రెండో పని నాకు కబురు పంపడం. చెయ్యి పోకముందు నేనెందుకు గుర్తు రాలేదని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

“కూర్చోండి అపాయ్, టీ తాగండి. చిన్న పని. రెండంటే రెండు సంతకాలు” అన్నాడు, నన్నూ జజీరానూ గదికి పిలిపించిన రోజు. ఆయన పేరు కెంజెగాలి. కోపం వచ్చినా గొంతు పెంచడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. అరిచేవాడితో అరవొచ్చు, మెత్తగా మాట్లాడుతూ మెడ కోసేవాడితో ఏం చేస్తాం?

కాగితం తీసుకుని పైకే చదివాను. ‘భద్రతా నియమాల మీద నాకు శిక్షణ ఇచ్చారు. అపాయం కనబడితే తొక్తా అని అరవాలని నాకు తెలుసు. నా అజాగ్రత్త వల్ల అరవలేదు. జరిగినదానికి నాదే బాధ్యత.’ కింద జజీరా పేరు. దాని పక్కనే నా పేరు కూడా టైపు కొట్టించి పెట్టారు, శిక్షణ సక్రమంగా జరిగిందని ధ్రువీకరిస్తున్న బోధకురాలిగా.

తొక్తా అంటే మా భాషలో ఆగు అని. ఇంతకన్నా పొట్టి మాట, గట్టి మాట ఇంకోటి లేదు. రోడ్డు మీదికి పరిగెత్తే పిల్లాణ్ణి ఆపినా, వెనక్కి వస్తున్న ట్రాక్టరును ఆపినా అదే మాట. మిల్లుల్లో అది ఆజ్ఞ. ఆ కేక వినబడితే స్విచ్ దగ్గరి మనిషి ఎందుకు, ఏమిటి అని అడగకుండా కరెంటు తీసెయ్యాలి.

“నేను ఈ మిల్లులో కాలు పెట్టిందే ప్రమాదం జరిగిన నాలుగో రోజున. నేను చెప్పని పాఠానికి నేనెట్లా సాక్షిని?” అన్నాను.

“తారీకు వెయ్యకండి, సరిపోతుంది.”

“ఈమెకు శిక్షణ ఎప్పుడిచ్చారు?”

దానికి సమాధానంగా శిక్షణ రిజిస్టరు నా ముందుకు జరిపాడు. సెప్టెంబరులో ఒక పొద్దున, నలభై మూడు సంతకాలు. ఒకే పెన్ను, ఒకే సిరా. జజీరాది పందొమ్మిదో సంతకం.

“ఏం నేర్పారమ్మా ఆ రోజు?” అని ఆమెనడిగాను.

జజీరా నేల చూపులు చూస్తూ చెప్పింది. “లైన్లో నిలబెట్టారు అపాయ్. పుస్తకం జరుగుతా వచ్చింది. సంతకం పెట్టి, గోడ మీద కాగితం ఉంది చదువుకోండి అన్నారు. నా వెనకామె కళ్ళద్దాలు తెచ్చుకోలేదు. నన్నే చదివిపెట్టమంది. అంతలో గంట కొట్టారు.”

“అంటే నీకు పాఠం చెప్పలేదు. నీ వెనకామెకి నువ్వు చెప్పాల్సొచ్చింది.”

డైరెక్టరు ఓపిగ్గా నవ్వాడు. “అపాయ్, మనం అతి చెయ్యొద్దు. ఆగు అనడానికి శిక్షణ కావాలా? మూడేళ్ళ పిల్లకి కూడా వచ్చు. ఈవిడకి రాలేదు. రాకపోవడం వల్ల ఒక మగాడి చెయ్యి పోయింది. అది నిజమా కాదా?”

నిజమే. నేను వచ్చిన రోజు నుంచీ నన్ను తొలుస్తున్నది కూడా అదే. జజీరా మొద్దు మనిషి కాదు. పదకొండేళ్ళుగా ఇక్కడ పత్తి ఎత్తి పోస్తోంది, బెల్టు చప్పుడు మారితే అందరికన్నా ముందు తలెత్తేది ఆమే. అలాంటిది, మనిషి చెయ్యి కళ్ళ ముందు నలిగిపోతుంటే ఎందుకు అరవలేదు? ఎన్నిసార్లు అడిగినా “అరిచాను” అంటుంది. ఏమని అరిచావంటే మాట్లాడదు. ఆ సంతకం పడితే కాగితం సాయంత్రానికల్లా పోలీసుల దగ్గరికి వెళుతుంది, వాళ్ళ దగ్గర్నుంచి కోర్టుకు. ఇద్దరు పిల్లల తల్లి జైలుకు వెళ్ళాల్సి వస్తుంది. అది తెలిసి కూడా ఆమె నోరు విప్పలేదు.

కిటికీ పక్కన జిన్ను హాలు మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసు. పెద్దవాళ్ళ పేరును గౌరవంగా కుదించి పిలవడం మా దగ్గర మర్యాద కాబట్టి మిల్లంతా ఆయన్ను తొకే అని పిలుస్తుంది. జజీరాకు సొంత మామగారు. కోడలి మెడకు ఇంత చుట్టుకుంటున్నా ఆయన మాత్రం మోకాలి మీద టోపీ తిప్పుతూ కూర్చున్నాడు. నాకు డైరెక్టరు మీద కన్నా ఆయన మీదే ఎక్కువ మండింది.

“సరే, శిక్షణ ఇప్పుడే చేసేద్దాం” అన్నాను లేచి. “నా క్లాసులో ఎవరూ సంతకం పెట్టరు. గొంతు పెడతారు. గొంతెత్తి అరిచినవాళ్ళకే పాఠం వచ్చినట్టు. ముందు మీరు, డైరెక్టరుగారూ.”

ఆయనకు సరదా పుట్టింది. “తొక్తా!” అన్నాడు, కుర్చీలోంచి లేవకుండానే.

“బాగుంది. తొకే, మీరు?”

ముసలాయన తలెత్తకుండా “తొక్తా” అని గొణిగాడు. ఆ పలుకుతో మిషను కాదు గదా, కోడి కూడా ఆగదు.

“జజీరా, నువ్వు.”

ఆమె తలగుడ్డ సరిచేసుకుంది. ఒకసారి కిటికీ వైపు చూసి, చూపు తిప్పుకుని, గొంతెత్తింది.

“అయల్దా!”

డైరెక్టరు పకపకా నవ్వాడు. అయల్దా అన్నా ఆగమనే. కాకపోతే అది మెత్తటి మాట, కాస్త నిలువు అన్నట్టుంటుంది. బస్సు స్టాపు బోర్డు మీద కనిపించేది కూడా ఆ మాట నుంచి పుట్టిందే.

“అది కాదమ్మా. తొక్తా అను.”

“అయల్దా.”

“నా మాట విను. తొక్, తా.”

ఆమె పెదాలు కదిలాయి. మెడ మీద నరం పొంగింది. కళ్ళు నీళ్ళతో నిండాయి. మాట మాత్రం రాలేదు.

నాకు అనుమానం వచ్చింది. తలుపు తీసి ఎర్మఖాన్‌ను కేకేశాను. స్విచ్ బోర్డు ఆ గది గుమ్మం పక్కనే ఉంటుంది, దాని కాపలా అతనిది. ఆ రోజు జిన్నులో పత్తి గడ్డకట్టి ఇరుక్కుంటే శాదిబెక్ కోసం మిషను ఆపింది అతనే, మళ్ళీ వేసిందీ అతనే. అతనికి శాదిబెక్ వీపు మాత్రమే కనబడింది, పని అయిపోయి లేచాడనుకున్నాడు.

“ఆ రోజు జజీరా గొంతు విన్నావా?”

“విన్నానపాయ్. ఏదో అంది. అయల్దా అని.”

“మరి?”

అతను చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. “షిఫ్టు దిగే టైము కదా. బస్సు స్టాపు దగ్గర ఆగమని ఎవరికో చెప్తుందనుకున్నా. తొక్తా అని వినబడుంటే నా చెయ్యి దానంతటదే స్విచ్ తీసేసేది. అపాయ్, దేవుడి సాక్షిగా తీసేసేది. పడుకుంటే చాలు అదే వినబడుతుంది నాకు, అయల్దా, అయల్దా అని.”

అతను మళ్ళీ తన చోటికి వెళ్ళిపోయాడు. తలుపు మూసి వెనక్కి తిరిగాను. అప్పుడు నా బుర్రకు ఎక్కింది. ఎక్కాక చెంపలు వాయించుకోవాలనిపించింది.

తొకే అనేది ముద్దుపేరు. ఆయన అసలు పేరు తొక్తసిన్. ఆయన కన్నా ముందు పుట్టిన బిడ్డలు ఐదుగురూ ఒకరి తర్వాత ఒకరు పోతే, ఈ చావులు ఇక్కడితో ఆగనీ అని తల్లి పెట్టుకున్న పేరు. కోడలు మామగారి పేరు పలకదు. పేరే కాదు, పేరులో వినిపించే మాటను కూడా పలకదు. ఆ మాటకు బదులు ఇంకోటి వెతుక్కుంటుంది. నేను కూడా ఒకింటికి కోడలిగా వెళ్ళినదాన్నే. మా మామగారి పేరులో గోధుమ ఉండేది, ఏడేళ్ళపాటు గోధుమను రొట్టెగింజ అన్నాను. సంతలో కొట్టువాడు వెక్కిరించినా నోరు జారలేదు. ఇవాళ పట్నంలో కోడళ్ళు ఇవేవీ పట్టించుకోరు. ఇక్కడ, ఈ పత్తి చేల మధ్య, కొన్ని ఇళ్ళలో ఇంకా నడుస్తోంది. అన్నీ తెలిసి కూడా నాకు ఇన్ని రోజులు తట్టలేదు. ప్రమాదాలు పసిగట్టడం నేర్పే పెద్దమనిషిని!

జజీరా ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఈ పదకొండేళ్ళలో ఆ మాటను నోట్లోకి రానివ్వలేదు. పొంగుతున్న పాలకు అయల్దా, పారిపోతున్న దూడకు అయల్దా, పిల్లల కొట్లాటకు అయల్దా. ఆ కాసిని క్షణాల్లో, రంపం తిరగబోయే ముందు, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? ఆమె అరిచింది. శక్తికొద్దీ అరిచింది. ఆ ఇంటికి తగిన మాటే వచ్చింది, మిల్లుకు పనికొచ్చే మాట రాలేదు. ఇది పైకి చెప్పాలంటే మామగారి ఎదుట ఆయన పేరెత్తాలి. అందుకే నేరం మీద వేసుకుని నిలబడింది.

ఇదంతా నేను గట్టిగానే చెప్పాను. జజీరా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ముసలాయన టోపీ తిప్పడం ఆపేశాడు.

డైరెక్టరు మాత్రం ముందుకు వంగాడు. కళ్ళు మెరిశాయి. “అదన్నమాట సంగతి! అపాయ్, మీరు మాకు ఎంత మేలు చేశారో మీకే తెలీదు. ఇంట్లో మూఢాచారం తెచ్చి మిల్లులో పెట్టింది. ఇందులో మా తప్పేముంది? ఇది కూడా కాగితంలో కలిపి రాయిద్దాం. కోర్టుకి ఇంకా బాగా అర్థమవుద్ది.”

బల్ల మీద అరచేత్తో కొట్టాను. టీ గిన్నె ఒకటి ఒరిగి కాగితం అంచు తడిసింది.

“రాయండి! రాసేముందు ఒక్కటి చెప్పండి. శాదిబెక్ చేతిని తీసుకెళ్ళి ఒక ఆడమనిషి గొంతుకు వేలాడదీసింది ఎవరు? ఆమె మూగదై ఉంటే? ఆ పూట జలుబు చేసి గొంతు పూడుకుపోయి ఉంటే? మిషన్ల మోతలో మాట వినబడకపోతే? ఇవన్నీ జరుగుతాయనే కదా ప్రతి జిన్ను హాల్లో ఎర్రతాడు కట్టేది! వరస పొడుగునా తల మీదుగా ఉంటుంది, ఎవరు ఎక్కణ్ణుంచి లాగినా కరెంటు పోతుంది. ఆ తాడుకి భాష అక్కర్లేదు, ఆచారం అక్కర్లేదు. జజీరా చెయ్యెత్తి లాగుంటే శాదిబెక్ ఇవాళ ఆ చేత్తోనే పిల్లలకి అన్నం పెట్టుకునేవాడు. మీ హాల్లో నాలుగు రోజులు తిరిగాను. గోడకి కొక్కేలున్నాయి. తాడేది?”

“తెగిపోయింది. కొత్తది తెప్పిస్తున్నాం” అన్నాడు డైరెక్టరు, తడిసిన కాగితాన్ని విదిలిస్తూ.

“తెగలేదు.”

అది కిటికీ దగ్గర్నుంచి వచ్చింది.

“తొకే, మీరు పెద్దవారు. ఊరుకోండి” అన్నాడు డైరెక్టరు.

“ఊరుకునే కదరా ఇంత చేసింది.” ముసలాయన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచాడు. “తెగలేదు. నేను కోశా. తలగుడ్డలు తగిలి, ఎత్తిన పత్తి మూటలు తగిలి రోజుకి నాలుగుసార్లు మిల్లు ఆగిపోతా ఉంది, సీజన్ అయ్యేదాకా తీసి పారెయ్యి తొకే అన్నావ్. తాడు కాస్త ఎత్తుగా కడదాం అన్నా. టైము లేదన్నావ్. కత్తి నాది. చెయ్యి నాది. మాట నీది.”

“ఎవరన్నారు? ఏ సాక్ష్యం ఉంది?”

“షిఫ్టు రిజిస్టరులో రాసిపెట్టా. అక్టోబరు నాలుగు. డైరెక్టరు ఆదేశం మీద ఎర్రతాడు తొలగించాము. కింద నీ సంతకం ఉంది. చదవకుండా పెట్టావ్. అందరిచేతా పెట్టించినట్టే నువ్వూ పెట్టావ్.”

ఒక్క క్షణం నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది. “ఇది దగ్గర పెట్టుకుని పన్నెండు రోజులు ఎట్లా మింగి కూర్చున్నారు తొకే? ఆమె మీ ఇంటి మనిషి. మీ మనవల తల్లి!”

ఆయన నా వైపు చూడలేదు, కోడలి వైపు చూశాడు. “రిటైరవడానికి ఎనిమిది నెలలుంది, పోనీలే అనుకున్నా. శాదిబెక్‌ని చూడ్డానికి ఆసుపత్రి గేటు దాకా పోయి రెండుసార్లు తిరిగొచ్చేశా. కోడలా, నా పేరు కోసం నువ్వు నోరు కట్టుకున్నావ్. నా ఉద్యోగం కోసం నేను కట్టుకున్నా. నీది మర్యాద తల్లీ. నాది ఒట్టి పిరికితనం. ఆ మాట ఇంక నీకు తప్పు కాదు. నేనే చెప్తున్నా, అను.”

జజీరా ముఖం మీద నుంచి చేతులు తీసింది.

షిఫ్టు రిజిస్టరు బల్ల మీదే ఉంది, శిక్షణ రిజిస్టరు కింద. మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్న ఆ కాస్త సేపట్లో డైరెక్టరు దాన్ని లాగి చంకలో పెట్టుకున్నాడు. కంగారు కూడా పడలేదు. “ఇది ఆఫీసు ఆస్తి. ఉండాల్సిన చోట పెడతా” అంటూ తలుపు తీశాడు. గుమ్మం అవతల జిన్నుల మోత ఒక్కసారిగా గదిలోకి దూరింది. జజీరా, నేను బల్లకు అవతలి పక్క ఉండిపోయాం. ముసలాయన కాళ్ళు ఆయన మాట వినే వయసు దాటిపోయింది. ఆ పుస్తకం గడప దాటితే బాయిలర్ పొయ్యికి పాతిక అడుగులే దూరం.

“తొక్తా!”

నా జన్మలో అంత గట్టి కేక వినలేదు. పదకొండేళ్ళు లోపల అణిచిపెట్టిన మాట ఒక్క పెట్టున బయటికి వచ్చింది. డైరెక్టరు గడప మీదే బిగుసుకుపోయాడు.

ఆయన ఒక్కడే కాదు. గుమ్మం పక్కన ఠక్కున స్విచ్ పడింది. మోత తగ్గింది. రంపాలు మూలిగి, నెమ్మదించి, ఒక్కొక్కటే ఆగిపోయాయి. బెల్టులు నిలిచిపోయాయి. సీజన్లో పగటిపూట ఆ మిల్లులో ఎప్పుడూ వినబడని నిశ్శబ్దం వచ్చి పడింది. గాల్లో తేలుతున్న దూది మెల్లగా నేల మీదికి దిగుతోంది.

ఎర్మఖాన్ గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది.

“ఆపేశా! ఎవరి చెయ్యి? ఎవరిది చెయ్యి?”

“ఎవరిదీ కాదు. వెళ్ళి మళ్ళీ వెయ్యి” అన్నాడు డైరెక్టరు. మొదటిసారి ఆయన గొంతు లేచింది.

ఎర్మఖాన్ ఆయన్ను చూశాడు, చంకలోని పుస్తకాన్ని చూశాడు, వెనకాల నిలబడ్డ జజీరాను చూశాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

“ఆపమన్నది ఈవిడ. వెయ్యమనేది కూడా ఈవిడే. అప్పటిదాకా వెయ్యను.”

జజీరా బల్ల చుట్టూ తిరిగి వచ్చి డైరెక్టరు ఎదుట చెయ్యి చాచింది. “ఆ పుస్తకం ఇవ్వండి.”

ఆయన దాన్ని చంకలో ఇంకా గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. హాల్లో, ఆగిన మిషన్ల మధ్య నుంచి, నలభై మందీ ముఖాల మీది దూది తుడుచుకుంటూ మా గుమ్మం వైపు నడిచి రావడం మొదలుపెట్టారు.